గిర్నూర్ నుంచి కనకాయి దాకా
(సంఘం యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సంఘం పెద్దలకు, వేదిక మీదున్న పటేళ్లకు, ముందు వరుసల్లో కూర్చున్న అక్కాచెల్లెళ్లకు, వెనక గోడకు ఆనుకొని ఫోన్లు చూసుకుంటున్న తమ్ముళ్లకు కూడా రాంరాం.

మమ్మల్ని సంస్కృతి మీద మాట్లాడమన్నారు. దండారి గురించి, గుస్సాడీ గురించి, నాగోబా గురించి చెప్పడానికి మాకంటే బాగా తెలిసినవాళ్లు ఈ హాల్లోనే ఉన్నారు. మేం ఆడపిల్లల హాస్టల్లో పదిహేడేళ్లుగా పని చేస్తున్నాం. మాకు తెలిసింది పిల్లలు, బియ్యం లెక్క, హాజరు పట్టిక. అందుకని ఒక చిన్న నడక గురించి చెప్తాం. గిర్నూర్ నుంచి కనకాయి జలపాతం దాకా. రెండు కిలోమీటర్లు ఉంటుందేమో. మీలో చాలామంది చూసే ఉంటారు. చూడనివాళ్లు ఎక్కువమంది ఉంటే మాత్రం సిగ్గుపడాల్సిందే, మన ఆదిలాబాద్ జిల్లాలోనే బజార్‌హత్నూర్ మండలంలో ఉంది కదా అది.

ఈ నడక ఎలా మొదలైందో ముందు చెప్పాలి. ఒకరోజు సాయంత్రం చదువుల గంటలో చిన్న తరగతుల పిల్లలకు కాగితాలిచ్చి జలపాతం బొమ్మ గీయమన్నాం. అందరూ గీశారు. రెండు మూడు మూలల కొండలు, మధ్యలో సూర్యుడు, కింద నీళ్లు, ఒడ్డున కొబ్బరిచెట్లు. పిల్లలంతా కొబ్బరిచెట్లే! మన అడవిలో కొబ్బరిచెట్టు ఎక్కడుంది? టేకు, నల్లమద్ది, ఇప్ప, తునికి, మోదుగ, మొర్రి, ఉసిరి. ఈ చెట్ల కింద పుట్టిన పిల్లలు క్యాలెండర్లో చూసిన చెట్టు గీశారు. తప్పు పిల్లలది కాదు. ఐదేళ్లకే హాస్టల్లో వేస్తాం, గేటుకు తాళం వేస్తాం, అడవిలోకి పోతే తిడతాం. ఇక వాళ్లు మొర్రిచెట్టు ఎక్కడ చూస్తారు?

జల్, జంగల్, జమీన్ అని కొమురం భీం వర్ధంతి రోజు మనమందరం గొంతు చించుకొని అరుస్తాం. జోడేఘాట్‌కు బస్సుల్లో పోతాం. ఆ జల్ దగ్గరికి, ఆ జంగల్‌లోనుంచి కాళ్లతో నడిచి పోయి ఎన్నాళ్లయింది అని మేం ఆరోజు మమ్మల్నే అడుక్కున్నాం. మెస్రం వంశం వాళ్లను చూడండి. నాగోబా జాతరకు ముందు గోదావరి నీళ్ల కోసం కేస్లాపూర్ నుంచి హస్తినమడుగు దాకా చెప్పుల్లేకుండా నడిచి పోతారు, ఝరిలో నీళ్లు పట్టుకొని మళ్లీ నడిచి వస్తారు. నీళ్ల దగ్గరికి నడిచి పోవడం మనకు కొత్త కాదు. మన భాషలో నీళ్లను ఏర్ అంటాం, తెలుగులో ఏరు అంటే వాగు. రెండు మాటలూ ఎంత దగ్గరగా ఉన్నాయో పిల్లలకు చెప్తే ముసిముసిగా నవ్వారు, గోండి మాటను తరగతి గదిలో టీచర్ నోట విన్నందుకు.

సరే, పై అధికారి దగ్గర అనుమతి తీసుకున్నాం, తల్లిదండ్రులకు కబురు పెట్టాం. దీపావళి సెలవుల తర్వాత, నవంబరులో ఒక ఆదివారం. ఆ నెలే ఎందుకంటే, జులై నుంచి సెప్టెంబరు దాకా కడెం వాగును నమ్మొద్దు. మీ నెత్తి మీద ఎండ కాస్తున్నా పైన ఎక్కడో వాన పడితే చాలు, చూస్తుండగానే నీళ్ల రంగు మారుతుంది, ఆకులు, పుల్లలు కొట్టుకొస్తాయి. ఎర్రనీళ్లు కనబడితే ఆ క్షణమే ఒడ్డెక్కాలి, చెప్పులు, సంచులు చూసుకోవద్దు. 2022 జులైలో ఇదే వాగు కింద కడెం ప్రాజెక్టును ఎంత భయపెట్టిందో మీకు గుర్తే ఉంటుంది. కుంటాల గుండంలో పడి ఎందరు పిల్లలు పోయారో పేపర్లలో చదువుతూనే ఉన్నాం. వాళ్లలో చాలామందికి ఈత వచ్చు. పాకురు పట్టిన బండకు ఈతతో పనేముంది? నవంబరుకు వాన ఆగుతుంది, నీళ్లు తేరుకుంటాయి, ధార మాత్రం ఇంకా మంచిగ ఉంటుంది. ఎండాకాలం పోతే సన్నబడుతుంది.

నలభై ఇద్దరు పిల్లలు, మేం నలుగురు పెద్దవాళ్లం. ఇద్దరిద్దర్ని జంటలు చేశాం, ఈల ఊదగానే జంట చేయి పైకెత్తాలి. పులిహోర, ఉడికించిన గుడ్లు, బొబ్బర గుడాలు. సబ్బులు, షాంపూ పొట్లాలు వద్దన్నాం. బస్సు దిగి గిర్నూర్ దాటగానే రెండు పక్కలా పత్తిచేన్లు తెల్లగా ఉన్నాయి. పత్తి ఏరుతున్న ఆడవాళ్లు "యేడికి పోతున్రు బిడ్డా?" అని అడిగితే, మా పిల్లలు "జలపాతం చూసెటందుకు" అన్నారు. ఆమె నవ్వి, "అండ్ల చూసెటందుకేముంది, నీళ్లే గద!" అంది. పుట్టినప్పటినుంచి ఆ చప్పుడు వింటున్న మనిషి. ఆమె మాట ఆమెకు నిజమే.

దారి కష్టమైంది కాదు. ఎక్కుడు పెద్దగా లేదు. బండిబాట, తర్వాత కాలిబాట, ఒకచోట వాగు దాటాలి, కనకదుర్గమ్మ గుడి ఉంటుంది, చివర్లో కొంచెం దిగుడు. ముసలివాళ్లు కూడా నడుస్తారు. టేకు ఆకులు అప్పుడప్పుడే ఎండుతున్నాయి, కాలి కింద అప్పడాల్లా విరుగుతున్నాయి. లేత టేకు ఆకు అరచేతిలో నలిపితే ఎర్రగా అవుతుందని ఒక పిల్ల చూపించగానే నలభై జతల చేతులు ఎర్రబడ్డాయి. గోరింటాకు పెట్టుకున్నట్టే. సీతాఫలాలు అయిపోవచ్చాయి, పగిలినవి ఒకటీ అరా దొరికాయి. ఉసిరిచెట్టు కింద ఆగినవాళ్లను కదిలించడం మా తరం కాలేదు. తరగతిలో నోరు తెరవని ఆరో తరగతి పిల్ల ఒకతె, మోదుగాకులు కోసి ఎండు పుల్లలతో కుట్టి పదినిమిషాల్లో ఎనిమిది విస్తర్లు చేసింది. ఆమెకు సైన్సులో వచ్చిన మార్కులు మేం ఇక్కడ చెప్పం.

ఇంతవరకే అయితే ఇది విహారయాత్ర వ్యాసం. మేం ఇక్కడికి వచ్చింది అందుకు కాదు.

ఆ వరుసలో చివర ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె ఉంది. హాస్టల్లో ఆమెకు "సాకులమ్మ" అని పేరు. ఆ పేరు పిల్లలు పెట్టింది కాదు, మా సిబ్బంది గదిలో పుట్టింది. నెలకోసారి కాళ్లు గుంజుతున్నాయనేది, నడుం నొప్పనేది, పరీక్షల ముందు మరీ ఎక్కువ. మేం బీఈడీ చదివినవాళ్లం, పిల్లల మనస్తత్వం మీద పరీక్ష రాసి పాసైనవాళ్లం. పరీక్ష భయమని తేల్చేశాం. ఆరోజు దారిలో మూడుసార్లు కూర్చుంది. మొదటిసారి "మేడం, జర ఆగుండ్రి, దమ్ము వస్తంది" అంది. రెండోసారి ఏమీ అనలేదు, కూర్చుంది అంతే. మూడోసారి మేం, "డెబ్బై ఏళ్ల ముసలమ్మలు నడిచే బాట ఇది. ఊకె సాకులు చెప్పకు, నడువు" అన్నాం. అందరి ముందరే అన్నాం. లేచి నడిచింది.

కనకాయి దగ్గర పడేసరికి ముందు చప్పుడు వస్తుంది. తర్వాత గాలి చల్లబడుతుంది. తర్వాత చెట్ల సందునుంచి తెల్లగా కనబడుతుంది. కుంటాలతో పోలిస్తే చిన్నదే, కానీ వెడల్పాటి నల్లబండల మీదనుంచి పడే తీరు చూస్తే కదలబుద్ధి కాదు. ఒడ్డున మోకాలి లోతు దాకే అని గీత గీశాం, తాడు కట్టాం, గుండం వైపు పోతే ఇంటికి పంపిస్తామని బెదిరించాం. పిల్లలు అరిచిన అరుపులకు ఆ కొండ ఎన్నిసార్లు బదులు చెప్పిందో. ఆ పిల్ల మాత్రం బండ మీద కూర్చుంది. నీళ్లు చల్లగా ఉన్నాయంది. నవంబరు నీళ్లు చల్లగా కాక ఎట్లుంటాయి? స్నేహితురాళ్లు గుంజారు, మేం పక్కనే నిలబడి నవ్వాం. నిండా తడిసింది. తడిబట్టలతో గంటసేపు ఉంది. దాహమైనా నీళ్లు తాగలేదట, మధ్యలో బయటికి పోవాల్సి వస్తుందని. ఆడపిల్లలు ప్రయాణాల్లో ఎందుకు నీళ్లు తాగరో ఈ హాల్లో మగపిల్లలకు తెలియదు, తెలుసుకోండి.

తిరుగు దారిలో గుడి దాటాక పడిపోయింది. కాళ్లు, నడుం, రొమ్ము. ఆ ఏడుపు సాకుల ఏడుపు కాదని ఎవరికైనా తెలుస్తుంది. కొరుకుతున్నట్టు, ఎముకల లోపల ఎవరో సుత్తితో కొడుతున్నట్టు అని తర్వాత చెప్పింది. నలుగురు పెద్ద పిల్లలు చున్నీలు కట్టి మోశారు. పత్తిచేను దాకా వచ్చేసరికి, పొద్దున మాతో మాట్లాడిన ఆమె భర్త ఎడ్లబండి మీద పత్తి బోరెలు వేస్తున్నాడు. మమ్మల్ని చూసి ఒక్క మాట అడగలేదు. బోరెలు కిందికి నెట్టి, విడి పత్తి పరిచి, దాని మీద పడుకోబెట్టమన్నాడు. ఆ పత్తి మీద పడుకొనే మా పిల్ల గిర్నూర్ చేరింది. అమ్ముకోవాల్సిన పత్తి అది. ఆయన పేరు అడగడం కూడా ఆరోజు మాకు తోచలేదు.

ఆసుపత్రిలో రక్తం తీశారు. సికిల్‌సెల్ అన్నారు.

ఈ మాట మీరు విన్నారు. శిబిరాల్లో, పోస్టర్ల మీద చూశారు. ఏమిటో చెప్పమంటే ఎంతమంది చెప్తారు? మేం ఆనాటికి చెప్పలేకపోయేవాళ్లం, టీచర్లం అయ్యుండి. రక్తంలో ఎర్రకణాలు గుండ్రంగా, మెత్తగా ఉంటాయి, ఎంత సన్నటి నాళంలోనైనా జారిపోతాయి. ఈ జబ్బున్నవాళ్లలో ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు, చలి పట్టినప్పుడు, ఒళ్లు మరీ అలిసినప్పుడు, జ్వరమొచ్చినప్పుడు ఆ కణాలు కొడవలిలా వంకర తిరిగి గట్టిపడతాయి. సన్నకాలువలో ముళ్లకంప అడ్డం పడ్డట్టు అడ్డం పడతాయి. దాని వెనక రక్తం ఆగుతుంది, ఆ ముందున్న ఒళ్లు అరుస్తుంది. ఇప్పుడు మా కనకాయి నడకను మళ్లీ చూసుకోండి. దాహం, అలసట, చన్నీళ్లు, తడిబట్టలు. ఒక్కటి కూడా వదలకుండా అన్నీ మేమే చేయించాం.

వాళ్ల అమ్మ ఆసుపత్రి వరండాలో కూర్చొని, "గాలి సోకిందనుకున్నం మేడం, ఎన్ని కోళ్లు కోసినమో" అంది. గూడెంలో ఆమెను ఏమన్నారో అదీ చెప్పింది, ఆమె కడుపు మంచిది కాదని. ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే పెళ్లికావాల్సినవాళ్లు ముందర కూర్చున్నారు.

మేం హాస్టల్లో దీన్ని చింతగింజలతో చెప్తాం. తండ్రి గుప్పిట్లో రెండు గింజలు, తల్లి గుప్పిట్లో రెండు గింజలు. తెల్లగింజ మంచిది, నల్లగింజ సికిల్‌ది. బిడ్డ కళ్లు మూసుకొని తండ్రి దగ్గర ఒకటి, తల్లి దగ్గర ఒకటి తీసుకుంటుంది. ఒక తెల్లది ఒక నల్లది ఉన్న మనిషిని క్యారియర్ అంటారు. ఆ మనిషికి జబ్బు లేదు, మామూలుగా పని చేసుకుంటాడు, అసలు తెలియనే తెలియదు. ఇద్దరు క్యారియర్లు పెళ్లి చేసుకుంటే, పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు రెండు నల్లగింజలు వచ్చే అవకాశం, నాలుగింట రెండు వంతులు క్యారియర్ అయ్యే అవకాశం, నాలుగింట ఒక వంతు రెండూ తెల్లవే వచ్చే అవకాశం. మొదటి బిడ్డకు వచ్చింది కదా, ఇక రాదు అనుకోవద్దు. ప్రతిసారీ గింజలు మళ్లీ గుప్పిట్లో పడతాయి. రెండు గుప్పిళ్లలోనుంచీ రావాలి కాబట్టి తల్లి ఒక్కతెను అనడం అన్యాయం. అన్నవాళ్లకు చింతగింజలు ఇచ్చి ఆడించండి.

ఇది మన రక్తం చెడ్డదవడం కాదు. తరతరాలుగా మలేరియా ఉన్న అడవుల్లో బతికినవాళ్లలో ఈ నల్లగింజ నిలిచింది, ఎందుకంటే ఒక్క నల్లగింజ ఉన్నవాళ్లను ప్రాణం తీసే మలేరియా అంత తేలిగ్గా చంపలేదు. తాతలను కాపాడిందే మనవరాలిని కుమ్ముతోంది.

మన పెద్దలు పెళ్లి మాటలప్పుడు మొదట అడిగేది ఏమిటి? ఎన్ని దేవతలోళ్లు? నాలుగా, ఐదా, ఆరా, ఏడా? ఒకే సగలో ఇయ్యరు, తెచ్చుకోరు. చాలా తెలివైన కట్టుబాటు, దాన్ని తప్పొద్దు. కానీ ఈ నల్లగింజ ఏ ఒక్క సగకూ చెందింది కాదు. మా పిల్ల తల్లిదండ్రులు వేరే వేరే సగలవాళ్లే, వేరే వేరే ఊళ్లవాళ్లే. కట్టుబాటు అంతా సరిగ్గానే పాటించారు. కాబట్టి దేవతల లెక్క అడిగిన నోటితోనే రక్తపరీక్ష కార్డు కూడా అడగడం మన పటేళ్లు అలవాటు చేయాలని మా కోరిక. ఇద్దరూ క్యారియర్లైతే పెళ్లి మానుకోమని మేం చెప్పడం లేదు. ఆ మాట చెప్పడానికి మేమెవరం? తెలిసి చేసుకోండి, డాక్టరుతో మాట్లాడండి, బిడ్డ కడుపులో ఉన్నప్పుడే చూసే పరీక్షలు కూడా ఉన్నాయి. 2023 జులై 1న కేంద్రం సికిల్‌సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది. గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్ల లోపు ఏడు కోట్ల మందికి పరీక్ష చేయాలని, 2047 నాటికి దీన్ని లేకుండా చేయాలని లక్ష్యం. లక్ష్యాలు ఢిల్లీలో ఉంటాయి. వేలు చాపాల్సింది మీరు.

ఇంకో తప్పు కూడా ఒప్పుకోవాలి. ఆ తర్వాత హాస్టల్లో అందరికీ పరీక్షలు చేయించాం. మంచి పనే. ఫలితాలు రాగానే, పిల్లలు జాగ్రత్తపడతారని, ప్రార్థన సమయంలో పేర్లు చదివాం. అందరి ముందర. ఆ సాయంత్రమే భోజనాల దగ్గర ఒక పిల్ల పక్కన ఎవరూ కూర్చోలేదు. అంటుకుంటుందనుకున్నారు. క్యారియర్ పిల్ల ఒకతె తండ్రికి ఫోన్ చేసి, తనను తీసుకుపొమ్మని ఏడ్చింది. అతను వచ్చి మమ్మల్ని తిట్టాడు. తిట్టాల్సిందే. ఇప్పుడు కార్డు ఎవరిది వాళ్ల చేతికే ఇస్తాం, తల్లిదండ్రులను విడిగా పిలిచి చెప్తాం. మీలో ఆరోగ్య కార్యకర్తలుగా, వాలంటీర్లుగా పనిచేసేవాళ్లుంటే వాట్సాప్ గ్రూపులో ఎవరి రిపోర్టూ పెట్టొద్దు.

మరుసటి ఏడాది మళ్లీ పోవాలా వద్దా అని మాలో మాకే వాదన. సిబ్బందిలో సగం మంది వద్దన్నారు, అర్థముంది. ఆ పిల్లే వచ్చి అడిగింది. అప్పటికి తొమ్మిదో తరగతి. మాత్రలు రోజూ వేసుకుంటోంది, డాక్టరు చెప్పినట్టు నీళ్లు తాగుతోంది, నొప్పులు పూర్తిగా పోలేదు గానీ తగ్గాయి. "నేను ముందట నడుస్త మేడం" అంది. ఎందుకని అడిగితే, "ఎన్కనుంటే మీరు ఆగరు" అంది.

అందుకే ఈసారి వరుసలో మొదట ఆమెను పెట్టాం. ఆమె ఆగితే అందరూ ఆగాలి, ఆమె నీళ్లు తాగితే అందరూ తాగాలి. ముందటేడు గంటలోపే నడిచిన దారికి దాదాపు రెండు గంటలు పట్టింది. అందువల్ల కనబడనివి కనబడ్డాయి. నల్లమద్ది బెరడు మొసలి వీపులా ఉంటుందని ఎవరో అన్నారు. ఏ చెట్టు జిగురు దేనికి వాడతారో ఒక పిల్ల వాళ్ల నానమ్మ మాటల్లో చెప్పింది. చిన్నపిల్లల్లో మరో ఇద్దరికి ఆయాసం ఎక్కువగా వస్తోందని మాకు ఆ నెమ్మది నడకలోనే తెలిసింది. వాళ్లది సికిల్‌సెల్ కాదు, మామూలు రక్తహీనత, ఐరన్ మాత్రలు నోట్లో పెట్టుకొని బయట ఉమ్మేస్తున్న బ్యాచి. దాని సంగతి వేరే ఉపన్యాసం.

కనకాయి దగ్గర ఆమె స్వెట్టర్ వేసుకొని ఎండ తగిలే బండ మీద కూర్చుంది. ఈలను ఆమె చేతికే ఇచ్చాం. గీత దాటినవాళ్లను పేరు పెట్టి పిలిచి ఈల ఊదడంలో మాకంటే కఠినంగా ఉంది. మాకూ ఒకసారి ఊదింది.

తిరిగి వచ్చేటప్పుడు పత్తిచేను దగ్గర ఆగాం. ఆ బండి ఆయన లేడు, సంతకు పోయాడట. ఆయన భార్య ఉంది. పిల్లను చూసి గుర్తుపట్టి, చెంప నిమిరి, చేతిలో ఉన్న పత్తి పింజ ఆమె నెత్తి మీద పెట్టింది. జలపాతం చూశారా అని మళ్లీ అడగలేదు.

ఇప్పుడు ఆ పిల్ల ఇంటర్ చదువుతోంది. పేరు చెప్పమని మమ్మల్ని అడగొద్దు, ఆమె అనుమతి లేకుండా ఈ మాత్రం కూడా చెప్పలేదు. ఈ నవంబరు నడకకు హాస్టల్ పిల్లలతో పాటు సంఘం యువకులను కూడా రమ్మని పెద్దలు అన్నారు. వచ్చేవాళ్లు ఇవి గుర్తుపెట్టుకోండి. గిర్నూర్‌లో పొద్దున ఎనిమిదింటికి ఉండాలి. రెండు లీటర్ల నీళ్లు, ఆరిన బట్టలు ఒక జత, చలికి ఏదైనా ఒకటి. సబ్బు, షాంపూ, చిప్స్ ప్యాకెట్లు, సీసాలు వద్దు. మేం ఏ సీసాల గురించి చెప్తున్నామో వెనక గోడ దగ్గరున్నవాళ్లకు అర్థమైంది. పాకురు బండల మీద సెల్ఫీలు వద్దు. పైన మబ్బు కనబడితే గుడి దగ్గర్నుంచే వెనక్కి. ఎవరు ముందు నడుస్తారనేది ఆ ఉదయం చెప్తాం, వాళ్లను దాటి పోవద్దు.